కుర్బానీ ముక్క

మామిడిపళ్ల పెట్టె మూత తీయగానే ఘాటు ముక్కును పట్టేసింది. పండ్ల వాసన కాదు, తడి సున్నంలో వెల్లుల్లి దంచి కలిపినట్టుండే వాసన. పైన గడ్డి, గడ్డి కింద కాగితం పొట్లం, పొట్లంలో బూడిదరంగు గడ్డలు. మా కోడలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అత్తమ్మా, కార్బైడ్ పెట్టి మాగబెట్టిండ్రు. పారేద్దాం" అంది. పారేయడానికి ఇవేమన్నా దారిలో దొరికాయా? "వాపసిచ్చి రా. తీసుకోనంటే నేనొస్తున్ననని చెప్పు" అన్నాను. మల్కాజ్‌గిరి మార్కెట్లో ఆ మాట చాలు. ఆమె పెట్టె తీసుకుని వెళ్లింది. పొట్లం మాత్రం నేను ఉంచుకుని, పెరట్లో పాత చెంబులో నీళ్లు పోసి అందులో వేశాను. బుసబుసమని పొంగింది. దాని పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. నా ఈడు ఆడవాళ్లు ఊదుబత్తి వాసనకు దేవుణ్ణి తలుచుకుంటారు. నాకు ఈ కంపుకు హుస్సేనమ్మ గుర్తొస్తుంది.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే అనుకుంటాను. అందుకే రెండో తరగతి చదువుతో ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి, సర్దుకోలేనివాళ్లు చదవకండి.

సీతాఫల్‌మండిలో రైలు పట్టాల అవతల రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అదే ఆమె కార్ఖానా. హుస్సేనమ్మది భువనగిరి దిక్కున దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. ఆమె భర్త గ్యాస్‌తో ఇనుము అతికే పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు వేసుకుని, జ్వరమొచ్చి పోయాడు. అందరూ అమ్మేయమన్నారట. "అమ్ముకొని ఏం చెయ్యాలె? ఆ పైసలు తినుకుంట సచ్చేదాక కూసోవాల్నా?" అని, ఆయన నల్ల కళ్లద్దాలు తను పెట్టుకుని, ఆయన చేతిలోని, ఇనుము కరిగించే గ్యాస్ దీపం తను పట్టుకుందట. నేను చూసేనాటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. ముతక చీర, బిగించి దోపిన కొంగు, చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. వీధిలో మగవాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. ఆమె మాత్రం అందరినీ పేరు పెట్టే పిలిచేది.

నేను అక్కడికి పనికి వెళ్లింది సరదాకు కాదు. మా ఆయన సికింద్రాబాద్ స్టేషన్లో మూటలు మోసేవాడు. ఒకరోజు మూట జారి కాలు విరిగింది. మంచం మీద మనిషిని చూస్తూ కూర్చుంటే పొయ్యి మండదు కదా. గ్యాస్ పీపా కడగడానికి, కార్బైడ్ గడ్డలు వేయడానికి, రేకులు అందించడానికి ఒక మనిషి కావాలంటే వెళ్లాను. కార్బైడ్‌ను నీళ్లలో వేస్తే గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్‌ను ఆక్సిజన్‌తో కలిపి మండిస్తే ఇనుము వెన్నలా కరుగుతుంది. పీపా అడుగున తెల్లని సున్నం మడ్డి మిగులుతుంది. అందరూ దాన్ని కాలవలో పారబోసేవాళ్లు. నేను మొదటి వారంలోనే తట్టలో ఇంటికి తెచ్చి గోడలకు వెల్ల వేసుకున్నాను. ఇల్లు పది రోజులు కంపు కొట్టింది. గోడలు మాత్రం మూడేళ్లు తెల్లగా ఉన్నాయి.

మొదటి రోజు సంగతి చెప్పాలి. హుస్సేనమ్మ రెండు రేకులు బల్ల మీద పరిచి, నా వైపు చూడకుండానే, "నర్సీ, పోయి కుర్బానీ తే" అంది. నాకు ఖుబానీ అని వినపడింది. ఎండబెట్టిన ఆ పండ్లతో చేసిన మీఠా ఒక పెద్దింటి పెళ్లిలో తిన్నాను, దాని రుచి నాలుక మీదే ఉంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు తీపి తినిపించే ఆచారం కాబోలు అనుకున్నాను. "ఏడున్నయి ఖాలమ్మా?" అని, పిన్నిని పిలిచినట్టు అడిగితే, "మూలకున్నయి" అంది. షెడ్డు మూల అని ఆమె ఉద్దేశం. మా వీధి మూల మీద ఒక కిరాణా దుకాణం ఉంది. తిన్నగా అక్కడికి వెళ్లి, హుస్సేనమ్మ పంపిందని చెప్పి, పుచ్చులు లేకుండా ఏరించి, పొట్లం కట్టించుకుని వచ్చాను.

ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, పొట్లం వైపు చూసింది. "గిదేందే?"

"ఖుబానీ. మంచియి ఏరుకొచ్చిన."

షెడ్డులో ఇంకో పనివాడు ఎల్లయ్య ఉండేవాడు. కరెంటుతో అతికే పని అతనిది. బక్క మనిషి, నోరు మాత్రం పెద్దది. అతను నేల మీద కూలబడి నవ్వాడు. "అమ్మా, జెర చూసి చెప్పు, గీ పండును దేంతోని అతకాలె? కరెంటుతోనా, గ్యాస్‌తోనా? ఇత్తడి పోస్తే నిలుస్తదంటవా?"

"నీ మూతిని అతకాలె ముందుగాల, దేనితోనన్న సరే" అంది హుస్సేనమ్మ. నన్ను తిట్టలేదు. తలా రెండు పండ్లు పంచింది. తిన్నాక గింజలు దాగలి మీద పెట్టి సుత్తెతో పగలగొట్టి, లోపలి పప్పు నా చేతిలో పోసింది. "కొన్ని పుచ్చి ఉంటయి. పలగ్గొడితేనే ఎరుకైతది. కుర్బానీ అంటే గిదే."

ఆ కార్ఖానాలో ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక ముక్కను చంపేవాళ్లు. కొనేవాడు తెచ్చిన రేకులోంచే రెండు పట్టీలు కోసి, అసలు పనికి వాడబోయే పద్ధతిలోనే, అదే చేత్తో అతికి, బల్లకున్న ఇనుప పట్టుగొయ్యలో బిగించి, సుత్తెతో కొట్టి వంచేవాళ్లు. అతుకు విచ్చుకోకుండా మడత పడితే ఆ పద్ధతి పనికొస్తుంది. విచ్చుకుంటే పద్ధతి మార్చాలి. ఆ చచ్చే ముక్కకు హుస్సేనమ్మ భర్త పెట్టిన పేరు కుర్బానీ ముక్క. "కుర్బానీ అయిందా?" అంటే పరీక్ష అయిందా అని. "ఇయ్యాల ఎన్ని కుర్బానీలు?" అంటే ఎన్ని కొత్త పనులొచ్చాయని. రోజుకు ఇరవైసార్లు ఆ మాట వినపడేది. ఎల్లయ్య కూడా అదే అనేవాడు, కొద్ది రోజులకు నేనూ అన్నాను.

నాకు అందులో నచ్చనిది ఒకటుండేది. పగలగొట్టి పారేసే ముక్కకు మంచి రేకెందుకు? ఒకసారి మూలన పడున్న తుప్పు పట్టీలు తోమి, బల్ల మీద పెట్టాను. ఆమె గోరుతో రేకును ఒక్క దెబ్బ మీటి, చప్పుడు విని, వాటిని నా కాళ్ల దగ్గరికి విసిరేసింది.

"కుంటి మేకను కుర్బానీ ఇస్తరానే? గుడ్డి గొర్రెను ఇస్తరా?"

"పాడయ్యేదానికి మంచిదెందుకు ఖాలమ్మా? కండ్లముందట దండుగ."

"ఇచ్చేది మంచిదైతేనే అది కుర్బానీ. పాడుదాన్ని ఇచ్చి నేనిచ్చిన అంటే దేవునికి సుత నవ్వొస్తది."

దండుగ అని నేను ఇప్పటికీ అంటాను. అంటూనే మంచి రేకు కోస్తాను.

ఎవరైనా పని తెచ్చి, "అన్నిట్ల ఏది గట్టిదో గది పెట్టమ్మా" అంటే ఆమెకు ఒళ్లు మండేది. "దేనికి గట్టి? గది చెప్పు ముందు" అనేది. పలుచని రేకుకు గ్యాస్ కావాలి. మెల్లగా కాగి, మెల్లగా కలుస్తుంది. అదే రేకు మీద కరెంటు పెడితే బొక్కలు పడతాయి, లేదా పైన మెరిసి లోపల పట్టదు. మందం పలకకు కరెంటు మంచిది. గ్యాస్‌తో చేస్తే పొద్దంతా కాగబెట్టినా చల్లారిపోతూ ఉంటుంది. పోత ఇనుము చక్రం పగిలితే రెండూ కాదు, ఇత్తడి పోయాలి. రేపు మళ్లీ విప్పాల్సినదైతే అసలు అతకకూడదు, రివిట్లు కొట్టాలి. ఇదంతా ఆమె ఒక్కచోట కూర్చుని చెప్పింది కాదు. తిడుతుంటే నేను ఏరుకున్నది. ఆమెకు గ్యాస్ మీద మోజు, కరెంటు మీద కోపం లేవు. మిలిటరీ దండులో పాత సామాను వేలం వేస్తుంటే కరెంటు యంత్రం బేరమాడి తెచ్చింది ఆమే.

ఇంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగాను. మధ్యాహ్నం జొన్నరొట్టె తింటున్నాం. చేతిలో రొట్టె పక్కన పెట్టింది. "నా మొగడు చేసిన పీపా ఒకటి పగిలింది. సబ్బుల కార్ఖానల. ఒకామెకు మోచేతి దాక కాలింది. నేను చూడవోయిన. తిడతదనుకున్న. తిట్టలే. ‘మీ ఆయన మంచోడమ్మా’ అన్నది. ఆనాటి సంది షురువైంది గీ కుర్బానీ." అంతే చెప్పి, చేయి కడుక్కుని లేచింది.

తర్వాత చెడ్డకాలం వచ్చింది. నిజాం రాజ్యానికి, ఢిల్లీకి పడక, బయటి నుంచి సరుకు రావడం ఆగిపోయింది. ఉప్పు, కిరోసిన్, మందులు దొరక్కపోతే ఆక్సిజన్ సిలిండర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? గ్యాస్ పని పడుకుంది. కార్బైడ్ డబ్బాలు చెమ్మ తగలకుండా నేను గోనెలు చుట్టి పెట్టాను. వీధుల్లో ఆయుధాలు పట్టుకుని తిరిగేవాళ్లను చూసి మేం తలుపులు వేసుకునేవాళ్లం. ఒకరోజు నలుగురు వచ్చి బరిసెలు చేసిపెట్టమని హుస్సేనమ్మను అడిగారు. మన మతందానివి కదా అన్నారు. "నేను కలిపేదాన్ని. పొడిసేటియి నాకు రావు" అంది. వాళ్లు వెళ్తూ వెళ్తూ షెడ్డు తలుపును తన్నిపోయారు. ఆ సొట్ట చివరిదాకా అట్లాగే ఉంది.

ఇంకొన్నాళ్లకు ఢిల్లీ సైన్యం వచ్చింది. ఆ నాలుగైదు రోజులు ఎవరూ బయటికి రాలేదు. ఎల్లయ్య మాత్రం వచ్చి కార్ఖానా గడపలో చాప వేసుకుని కూర్చున్నాడు. ఈసారి భయం ఆమె దిక్కుకు మళ్లింది మరి. ఆమె చెల్లెలి కుటుంబం పాకిస్తాన్ పోతూ, అక్కను కూడా రమ్మని కాళ్లావేళ్లా పడింది.

"ఆడ తెలుగు మాట్లాడేటోళ్లు ఉంటరా?" అని అడిగింది హుస్సేనమ్మ.

"ఏడుంటరక్కా."

"మల్ల నేను ఎవలను తిట్టాలె? నువ్వు పో. నేను రాను."

సైన్యం వచ్చిన కొద్ది వారాలకే సత్తయ్య సేఠ్ వచ్చాడు. ఊళ్లో చిన్నాపెద్దా గుత్తపనులు పట్టే మనిషి. ఆయన బావమరిది కొత్తగా అద్దకం కార్ఖానా పెడుతున్నాడు. దానికి ఆవిరి పీపాలు కావాలి. లోపల రంగునీళ్లు, కింద నుంచి ఆవిరి, పైన బిగించిన మూత, పక్కన నిలబడి నూలు అందించే ఆడకూలీలు. పెద్ద పని. మూడు నెలలుగా బకెట్లకు మాట్లు వేస్తూ బతుకుతున్న మాకు ఆ పని దొరికితే పొయ్యి మీద అన్నంతో పాటు కూర కూడా ఉడుకుతుంది. నేను ఆయనకు కుర్చీ తుడిచి వేశాను.

రేకులు బండి మీద దిగాయి. హుస్సేనమ్మ గోరుతో మీటింది. పలుచన.

"సేఠ్, గిది గ్యాస్ పని. ఆక్సిజన్ లేదు. బండ్లు నడుస్తున్నయి గద, నెల రోజులల్ల వస్తది. జెర ఆగు."

"గ్యాస్ పాత ముచ్చట బీబీ. కరెంటు పెట్టు. ఎల్లయ్య ఉన్నడు గద, నాలుగు దినాలల్ల అయిపోతది."

"కరెంటే కావాల్నంటే మందం పలక తే. రేపే షురూ చేస్త."

"మందం పలక ధర ఎరుకేనా నీకు? గీ రేకే, గీ కరెంటే. రాజ్యం మారింది, నువ్వు సుత మారాలె."

"రాజ్యం మారింది సేఠ్. రేకు మారలే" అంది హుస్సేనమ్మ. ఆ వెంటనే ఎల్లయ్య వైపు తిరిగి, "కుర్బానీ చెయ్" అంది. ఎల్లయ్య రెండు పట్టీలు కోసి, చేతనైనంత జాగ్రత్తగా కరెంటుతో అతికాడు. చూడ్డానికి చేప పొలుసుల్లా ముచ్చటగా వచ్చింది. పట్టుగొయ్యలో బిగించి సుత్తె దెబ్బలు వేస్తే, ఎండిన చింతకాయలా పటుక్కున విచ్చుకుంది. ఎల్లయ్య మొహం చిన్నబోయింది. సేఠ్ మాత్రం నవ్వాడు. "సుత్తెతో కొడితే ఏదైనా పగుల్తది. నా పీపాను సుత్తెతో ఎవలు కొడతరు?"

"ఆవిరి కొడ్తది. లోపట్నుంచి, పొద్దుమాపు కొడ్తది. పక్కకు ఆడోళ్లుంటరు."

సేఠ్ లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఎవల రాజ్యంల ఉన్నవో జెర యాదికుంచుకో బీబీ."

"నా కార్ఖానల ఉన్న" అంది ఆమె.

రేకులు అక్కడే ఉంచి వెళ్లాడు, మనసు మారుతుందని కాబోలు. మూడో రోజుకు ఎల్లయ్య టీ హోటల్లో ఒక మాట విని పరుగెత్తుకుంటూ వచ్చాడు. దూదేకుల ఆమె షెడ్డులో పొద్దున లేస్తే కుర్బానీ కుర్బానీ అని మాట్లాడుకుంటున్నారట. ఎవరినో చంపడానికి గుర్తుమాటట. బరిసెలు కూడా అక్కడే చేశారట. సేఠ్ అధికారుల చెవిన వేశాడట.

"అమ్మా, నీ కాళ్లు మొక్కుత. గీ మాట ఇడిసిపెట్టు. పరీక్ష అందాం, ఇంకేదన్న అందాం. లేకుంటే సేఠ్ పని ఒప్పుకో" అన్నాడు ఎల్లయ్య.

"మూడేండ్ల సంది నువ్వు సుత అంటనే ఉన్నవు గదరా. నువ్వెవలిని సంపినవ్?"

"నన్నెవలు అడుగుతరమ్మా. నా పేరు ఎల్లయ్య."

ఆమె గ్యాస్ దీపం మూతి విప్పి తుడవసాగింది. ఆ రోజు ఇంటికి వెళ్తే మా ఆయన మంచం మీంచే, "రేపటి నుంచి ఆ దిక్కు పోకు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. "నువ్వు లేసి నడిసిన్నాడు చెప్పు, అప్పుడింట" అన్నాను. మొగుణ్ణి అంత మాట అనడం నాకు అదే మొదలు. ఆ నోరు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది.

మరునాడు పొద్దెక్కాక జీపు వచ్చింది. ఒక అధికారి, ఇద్దరు జవాన్లు, వెనక సత్తయ్య సేఠ్. అధికారిది ఆంధ్ర దిక్కు, మాటలోనే తెలిసింది. వీధి వీధంతా గోడల మీదికెక్కి చూస్తోంది.

"ఇక్కడ హుస్సేనమ్మ గారెవరండీ?"

"నేనే."

"మీ మీద ఫిర్యాదు వచ్చింది. నాకు సబబు అనిపిస్తే ఇవాళే ఈ షెడ్డుకి తాళం వేసి, మిమ్మల్ని తీసుకెళ్లాలి. ముందు నాలుగు ముక్కలు అడుగుతాను." జవాను చేతిలో తాళం ఉంది. ఆ మాట బెదిరింపుకు అన్నది కాదని దాన్ని చూస్తే అర్థమైంది.

ఆయన ముందు నన్ను పిలిచాడు. "నువ్వు ఈవిడ మతం మనిషివి కాదు కదమ్మా. భయపడకు. ఉన్నది చెప్పు. ఈ కుర్బానీ అనే మాట నువ్వు విన్నావా?"

ఎల్లయ్య నా వైపు చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు, లేదని చెప్పమని. నాకెందుకో ఒళ్లు మండింది. చేయని తప్పును దాచడమేమిటి?

"ఇన్న సార్. రోజూ ఇన్న. నేను సుత అన్న. నా చేతులతోనే తెచ్చిచ్చిన."

గోడల మీద గుసగుసలు మొదలయ్యాయి. సేఠ్ చేతులు కట్టుకున్నాడు. నేను లోపలికి వెళ్లి, తూకానికి అమ్మడానికి పోగేసిన ముక్కల గంప ఈడ్చుకొచ్చి ఆయన బూట్ల ముందు బోర్లించాను. వంగినవి, విరిగినవి, నోరు తెరిచినవి, గలగలమని దొర్లాయి. "గివే సార్ మేం సంపినయి. లెక్కవెట్టుకోండ్రి."

అధికారి వంగి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఏమిటివి?" అని ఈసారి హుస్సేనమ్మను అడిగాడు.

"చెప్తే ఎరుక కాదు. చేసి చూపెడత."

సిలిండర్లో అడుగున కాస్త ఆక్సిజన్ మిగిలి ఉంది. ఎవరైనా ప్రాణం మీదికొచ్చిన పని తెస్తే పనికొస్తుందని నెలల తరబడి ముట్టుకోకుండా దాచింది ఆమె. ఎల్లయ్యతో సేఠ్ రేకులోంచి నాలుగు పట్టీలు కోయించింది.

"నా రేకు!" అన్నాడు సేఠ్.

"నీ రేకు సంగతే గద సేఠ్ తెలువాల్సింది."

నేను పీపాలో కార్బైడ్ వేశాను. ఎల్లయ్య ఒక జత కరెంటుతో అతికాడు. హుస్సేనమ్మ రెండో జత గ్యాస్‌తో అతకడం మొదలుపెట్టింది. చివరికి వచ్చేసరికి మంట పసుపుపచ్చగా మారి మెత్తబడింది. ఆక్సిజన్ అయిపోయింది. బొటనవేలు మేర అతకకుండా మిగిలింది. ఆమె దాన్ని దాచలేదు, వేలితో చూపించి, "గింత దూరం కాలే" అని చెప్పి, సుత్తె జవాను చేతికి ఇచ్చింది. "నువ్వు కొట్టు బిడ్డా. నేను కొడితే మల్ల ఏదో అంటరు."

కరెంటు ముక్క మొన్నటిలాగే విచ్చుకుంది. గ్యాస్ ముక్క తమలపాకులా మడతపడింది. అతకని చివర మాత్రం నోరు తెరిచింది.

"అతికిన కాడ పట్టింది, అతకని కాడ ఇడిసింది. నేను చెప్పింది గంతే" అంది హుస్సేనమ్మ. "సేఠ్‌కు సుత గిదే చెప్పిన. ఒప్పుకోలే."

అధికారి సేఠ్ వైపు చూశాడు. సేఠ్ రేకుల వైపు చూశాడు. అంతటితో అయిపోతుందనుకున్నాం. అధికారి కలం తీసి, మంచితనంగానే అన్నాడు, "సరేనమ్మా, అర్థమైంది. నేను దీన్ని నమూనా అని రాసుకుంటాను. ఇక నుంచి మీరూ అలాగే అనండి. ఆ మాట ఈ రోజుల్లో మంచిది కాదు. మీ మేలుకే చెబుతున్నాను."

తల ఊపితే చాలు. జీపు వెళ్లిపోతుంది. ఎల్లయ్య వెనక నుంచి, "సరే అనమ్మా" అని గొణిగాడు. నేనూ అదే అనుకున్నానేమో.

"నమూనా అంటే మంచిది ఏరి కొనేటోనికి చూపెట్టేది సార్" అంది హుస్సేనమ్మ. "గిది చూపెట్టేది కాదు, ఇచ్చుకునేది. నమూనా అని పేరు పెడితే రేపు వీళ్లు మెరిసేదాన్ని తెచ్చి ముందల పెడతరు. పేరు మారితే పని మారుతది. ఇంకోటి, ఇయ్యాల మాట మార్చుకుంటే నిన్నటిదాక తప్పు మాట్లాడినట్టే గద. నేను తప్పు మాట్లాడలే. తాళం ఏస్తే ఎయ్యుండ్రి."

అధికారి కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "తాళం జీపులో పెట్టెయ్" అన్నాడు జవానుతో. "మీరు మీ రేకులు తీసుకెళ్లండి" అన్నాడు సేఠ్‌తో. వెళ్తూ వెళ్తూ వంగి, తమలపాకులా మడతపడ్డ ముక్కను తీసుకుని జేబులో వేసుకున్నాడు. దాంతో ఏం చేశాడో మాకు తెలియదు.

కథ అయితే ఇక్కడ ఆ పీపాలు పగలాలి. పగల్లేదు. సేఠ్ ఇంకోచోట అదే పలుచని రేకుతో, కరెంటుతోనే వాటిని చేయించాడు. అద్దకం కార్ఖానా నడిచింది. ఒక పీపా కారుతోందని ఒకరన్నారు, అదేం లేదని ఇంకొకరన్నారు. మేం ఆ చలికాలమంతా బకెట్లకు మాట్లు వేసుకుంటూ, గంజితో గడిపాం. ఒకనాడు ఆకలి మీద ఉన్నానేమో, ఉండబట్టలేక అనేశాను. "ఖాలమ్మా, పగల్లేదు గద. ఊకెనే పని పోగొట్టుకున్నం."

ఆమె చేస్తున్న పని ఆపలేదు. "పగలొద్దనే నేను సుత దువా చేసిన. ఆడ ఆడోళ్లున్నరు."

"మల్ల మనం చెప్పింది తప్పు కాదా?"

"పగుల్తదని నేనెప్పుడన్న? పగలదని నాకు తెల్వదన్న. తెల్వంది నా చేతి నుంచి పోదన్న. పగలకుండ ఉన్నది వాళ్ల నసీబు నర్సీ. నసీబును అతికి అమ్మే పని నాది కాదు."

తర్వాత సిలిండర్లు వచ్చాయి. పని కూడా వచ్చింది, ఎక్కువేం కాదు, బతకడానికి సరిపడా. ఆమె గ్యాస్ దీపం నా చేతికి ఇచ్చింది ఆ ఏడే. చూపు మందగించేదాకా ఆమె పని మానలేదు, ఊరు వదల్లేదు. మా ఆయన కాలు బాగైంది గాని మూటలు మోసే పని మళ్లీ కాలేదు. నేను మల్కాజ్‌గిరిలో సొంత షెడ్డు వేసుకుని, కిటికీ ఊచలు, గేట్లు, నీళ్ల ట్యాంకులు చేసి నలుగురు పిల్లల్ని పెంచాను. ఆడది గేట్లు చేయడమేందని నవ్వినవాళ్ల ఇళ్లకూ నేను చేసిన గేట్లే ఉన్నాయి.

ఇప్పుడు షెడ్డు మా పెద్దోడు చూస్తున్నాడు. మొన్న నా దగ్గర కూర్చుని, నసుగుతూ, "అమ్మా, టెస్ట్ పీస్ అందామే. నువ్వు అందరి ముందట కుర్బానీ కుర్బానీ అంటుంటే గిరాకీలు ఒక తీరుగ చూస్తున్నరు. ఆ మాట ఈ రోజులల్ల మంచిగ లేదు" అన్నాడు. ఏ రోజుల్లో మంచిగుందిరా ఆ మాట? నేను పనికి చేరిన కాడి నుంచి ఇదే వింటున్నాను, ఈ రోజుల్లో మంచిది కాదు, ఈ రోజుల్లో మంచిది కాదు అని. మంచి రోజులు వచ్చేదాకా ఆగి ఉంటే హుస్సేనమ్మ ఒక్క అతుకు కూడా వేసేది కాదు.

వాడికి ఒకటే చెప్పాను. చూసేటోళ్లను చూడనీ. ఒక తీరుగ చూసేటోనికి సుత్తె అందియ్యి.